బరువు ఒక్కటే చాలదు: కేంద్ర కాలుష్య నియంత్రణ మండలికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధ్యక్షులకు, సభ్య కార్యదర్శి గారికి,

నమస్కారం. విశాఖపట్నం నుంచి రాస్తున్నాను. ఉద్యోగంలో ఉన్నంతకాలం కాలేజీ పిల్లలకు జీవరసాయన శాస్త్రం చెప్పాను, అందులోనూ ప్రొటీన్లే నా పాఠం. ఫలానా ఫ్యాక్టరీ మూయించండి, ఫలానా రోడ్డు ఊడ్పించండి అని అడగడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. అలాంటి అర్జీలు మీకు రోజూ వస్తూనే ఉంటాయి. మీ కొలత కేంద్రాల్లో తూకం అయిపోయాక కవర్లలోకి వెళ్లిపోయే ఫిల్టర్ల గురించి మాట్లాడదామని రాస్తున్నాను.

పొద్దున్నే ఫోన్‌లో ఏక్యూఐ, అంటే గాలి నాణ్యత సూచి, చూసి కంగారుపడే జనంలో చాలామందికి ఆ అంకె వెనక ఉన్న తూకం తెలియదు. మీకు తెలిసిందే అయినా, ఈ లేఖ వాళ్లూ చదువుతారు కాబట్టి రెండు ముక్కల్లో చెబుతాను. పీఎం 2.5ను, అంటే 2.5 మైక్రాన్లు దాటని సన్నటి ధూళిని, పట్టడానికి వాడేది 47 మిల్లీమీటర్ల వ్యాసమున్న గుండ్రటి తెల్లటి టెఫ్లాన్ పొర. దాన్ని ఒక రోజంతా ఒకే ఉష్ణోగ్రతలో, ఒకే తేమలో ఉంచి, మైక్రోబ్యాలెన్స్ మీద తూస్తారు. యంత్రంలో బిగించాక గంటకు ఒక ఘనపు మీటరు చొప్పున 24 గంటలు గాలి దానిగుండా పోతుంది. మర్నాడు బయటికి తీసి, మళ్లీ అలాగే ఉంచి, మళ్లీ తూస్తారు. పెరిగిన బరువే ఆ రోజు లెక్క. మీరు పెట్టిన రోజువారీ హద్దు ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు కదా, సరిగ్గా ఆ హద్దు మీద నిలిచిన రోజున ఫిల్టరు మీద చేరేది 1.44 మిల్లీగ్రాములు. కంటికి కనబడేది తెల్లటి పొర మీద ఒక బూడిదరంగు వలయం. ఆన్‌లైన్ కేంద్రాల్లో ఆ పని బీటా కిరణాలు చేస్తాయి, కానీ అవి చెప్పేదీ బరువే.

ఆ తూకంలో నాకు అనుమానం లేదు. అనుమానమల్లా దాన్ని పట్టుకుని మనం చేసే పనుల మీదే. మా ఊరి గాలిలో సముద్రపు ఉప్పు ఉంటుంది. అలలు విరిగినప్పుడల్లా లేచి, గాలితో ఇళ్లలోకి వచ్చి, కిటికీ గ్రిల్స్‌ను తుప్పు పట్టిస్తుంది. అదీ ఫిల్టరు మీద పడుతుంది. రేవు రోడ్డులో బ్రేకు కొట్టిన లారీ నుంచి రాలిన రాగి, ఇనుము పొడి, దాని సైలెన్సర్ నుంచి వచ్చిన మసి కూడా అదే ఫిల్టరు మీద పడతాయి. ఒక మైక్రోగ్రాము ఉప్పు, ఒక మైక్రోగ్రాము డీజిల్ మసి మీ పుస్తకంలో సమానం. ఊపిరితిత్తిలో ఉన్న ప్రొటీన్ అణువుకు మాత్రం కావు.

దీన్ని క్లాసులో చూపించేదాన్ని. రెండు గొట్టాల్లో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ ద్రావణం తీసుకుంటాం. ఒకదాంట్లో కాస్త ఇనుప లవణం, కాస్త విటమిన్ సి వేస్తాం. రెండోదాంట్లో ఇనుప లవణం ఎంత వేశామో అంతే బరువు మామూలు ఉప్పు వేస్తాం. 37 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచాక రెండింటిలోనూ డీఎన్‌పీహెచ్ అనే కారకం కలుపుతాం. ఆ కారకానిదే పసుపు రంగు కాబట్టి ఇక్కడే పిల్లలు తొందరపడతారు, రెండూ పసుపే కదండీ అంటారు. ప్రొటీన్‌ను అవక్షేపం చేసి, ఇథనాల్, ఇథైల్ అసిటేట్ కలిపిన ద్రవంతో మూడు నాలుగుసార్లు కడిగితే అసలు సంగతి బయటపడుతుంది. ఉప్పు వేసిన గొట్టంలో తెల్లటి ముద్ద మిగులుతుంది. ఇనుము వేసిన దాంట్లో ఎన్నిసార్లు కడిగినా ముద్దను పసుపు వదలదు, ఎందుకంటే ఆ కారకం ఇప్పుడు ప్రొటీన్‌కే అతుక్కుపోయింది. దెబ్బతిన్న అమైనో ఆమ్లాల మీద కొత్తగా పుట్టిన కార్బొనైల్ సమూహాలను అది పట్టుకుంది. ఆ పసుపును 370 నానోమీటర్ల దగ్గర స్పెక్ట్రోఫోటోమీటర్‌లో చదివితే ఎంత నష్టం జరిగిందో అంకె వచ్చేస్తుంది. విటమిన్ సి మంచిది కదా, అది ఎందుకు వేశారని ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడిగేవారు. ఇనుము పక్కన ఉంటే అది ఇనుముకే ఊడిగం చేస్తుంది. కాలుష్యానికి విరుగుడుగా మాత్రలు మింగమని సలహాలిచ్చే వారికి ఈ గొట్టాన్ని ఒకసారి చూపించాలనిపిస్తుంది.

గొట్టంలో జరిగిందే ఊపిరితిత్తిలోనూ జరుగుతుంది. ఇనుము, రాగి లాంటి లోహాలు, డీజిల్ మసికి అంటుకుని వచ్చే క్వినోన్లు అనే సేంద్రియ పదార్థాలు ఎలక్ట్రాన్లను ఇచ్చి పుచ్చుకుంటూ ఉంటాయి. ఆ క్రమంలో ఆక్సిజన్ నుంచి హైడ్రోజన్ పెరాక్సైడ్, దాని నుంచి హైడ్రాక్సిల్ రాడికల్ పుడతాయి. ఈ రాడికల్ ఆయువు నానోసెకన్లలోనే. పుట్టిన చోటే, చేతికందిన అణువునే కరుస్తుంది. సిస్టీన్, మెథియోనిన్ అనే అమైనో ఆమ్లాల్లోని గంధకం ముందుగా దొరికిపోతుంది. లైసిన్, ఆర్జినిన్, ప్రోలిన్, త్రియోనిన్ కార్బొనైల్స్‌గా మారతాయి. నైట్రోజన్ డయాక్సైడ్, ఓజోన్ కూడా తోడైతే టైరోసిన్ మీద నైట్రో సమూహం వచ్చి కూర్చుంటుంది. వాయుకోశాల లోపలి ద్రవంలో క్రిములను పట్టడానికి తోడ్పడే సర్ఫాక్టెంట్ ప్రొటీన్-ఏ ఇలా నైట్రేషన్‌కు గురైతే తన పని సరిగా చేయలేదు.

వీటిలో మెథియోనిన్‌కు తగిలిన దెబ్బను సరిచేసే ఎంజైము కణంలో ఉంది. కార్బొనైల్స్‌కు లేదు. అలా పాడైన ప్రొటీన్‌ను ప్రోటియాజోమ్ అనే కణ యంత్రం ముక్కలు చేసేయాల్సిందే. కానీ దెబ్బ మరీ ఎక్కువై ప్రొటీన్లు ఒకదానికొకటి ముడిపడిపోతే ప్రోటియాజోమ్ కూడా వాటిని కొరకలేక అక్కడే ఇరుక్కుంటుంది. ఆపైన కొత్తగా తయారయ్యే ప్రొటీన్లు సరిగా మడత పడక, అవి మడతపడే గదిలాంటి ఎండోప్లాస్మిక్ రెటిక్యులంలో పోగుపడతాయి. కణం ముందు కొత్త ప్రొటీన్ల తయారీ తగ్గించుకుంటుంది, అప్పటికీ కుదరకపోతే తనను తానే చంపుకుంటుంది.

ఇంత సేపూ ప్రొటీన్లు అని మూకుమ్మడిగా అంటున్నాను. ఒక్కదాని సంగతి దగ్గరగా చూస్తే మీకు విషయం ఇంకా బాగా అందుతుంది.

ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్ అని ఒక ప్రొటీన్ ఉంది. కాలేయంలో తయారై, రక్తంలో ప్రయాణించి, ఊపిరితిత్తులను కాపాడుతుంది. ఎవరి నుంచి అంటే మన తెల్లరక్తకణాల నుంచే. న్యూట్రోఫిల్ కణాలు క్రిములను చంపడానికి ఎలాస్టేజ్ అనే ఎంజైమును విడుదల చేస్తాయి. దానికి క్రిమి ఏదో, వాయుకోశాల గోడలకు సాగే గుణమిచ్చే ఎలాస్టిన్ ఏదో తేడా తెలియదు. కనబడిందల్లా నరుకుతూ పోతుంది. ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్ దానికి ఎలుకబోను లాంటిది. ఎర ఉన్న చోట ఎలాస్టేజ్ కొరకగానే బోను టప్పున పడి, ఎంజైమును శాశ్వతంగా బంధిస్తుంది. ఈ ప్రొటీన్‌లో ఉన్నవి 394 అమైనో ఆమ్లాలు. ఎర 358వ స్థానంలో ఉన్న మెథియోనిన్.

ఆ మెథియోనిన్‌లోని గంధకానికి ఒక్క ఆక్సిజన్ పరమాణువు అతుక్కుంటే చాలు. మిగిలిన 393 చెక్కుచెదరకపోయినా ఎలాస్టేజ్ ఆ ఎర వైపు సరిగా రాదు, ఎలాస్టిన్ మీదికి వెళ్తుంది. ఈ సంగతి మొదట సిగరెట్ పొగ విషయంలో 1970ల చివర్లోనే బయటపడింది. బయటి గాలిలోని సన్నటి ధూళి చేసే ఆక్సీకరణ కూడా ఆ తరహాదే. పైగా ధూళి వచ్చిందని గుమిగూడిన న్యూట్రోఫిల్స్ వదిలే హైపోక్లోరస్ ఆమ్లం కూడా ఇదే మెథియోనిన్‌ను పాడుచేస్తుంది. అంటే కత్తిని వదిలేదీ వాళ్లే, బోనును విరగ్గొట్టేదీ వాళ్లే. పెద్దవాళ్ల ఊపిరితిత్తిలో ఎలాస్టిన్ మళ్లీ సరిగా తయారు కాదు. ఇలా గోడలు తెగి, చిన్న చిన్న వాయుకోశాలు కలిసిపోయి పెద్ద సంచులైతే ఆ జబ్బు ఎంఫిసీమా. మెట్లెక్కలేని తాతగారి ఆయాసం వెనక ఇంత చిన్న రసాయన చర్య ఉండవచ్చు.

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. జబ్బుగానీ మరణంగానీ కేవలం వాయు కాలుష్యం వల్లే వచ్చిందని నేరుగా తేల్చే నిర్ధారిత సమాచారం దేశంలో లేదని ప్రభుత్వం పార్లమెంటులో ఒకటికి నాలుగుసార్లు చెప్పింది. ఆ జవాబు రాసింది మీరు కాకపోవచ్చు. కానీ దానికి కావలసిన సమాచారం సేకరించే బాధ్యతలో పెద్ద వాటా మీదే. ‘కేవలం’ అన్న షరతు పెడితే పొగాకు మీద కూడా ఏ రోగి విషయంలోనూ తీర్పు చెప్పలేం. పొగ తాగే వాడు తిండి తింటాడు, ముసలివాడవుతాడు, వాడికి జన్యువులూ ఉంటాయి.

కారణం కోసం వెతకాల్సింది మరణ ధ్రువపత్రాల్లో కాదు, అణువుల్లో. అక్కడ వెతికిన వాళ్లకు దొరుకుతోంది కూడా. 2023లో లండన్ పరిశోధకుల నాయకత్వంలో వచ్చిన అధ్యయనం, ఈజీఎఫ్ఆర్ అనే జన్యువులో మార్పున్న ఊపిరితిత్తి క్యాన్సర్ రోగులు 32,957 మంది సమాచారాన్ని చూసి, పీఎం 2.5 పెరిగిన చోట ఈ క్యాన్సర్ పెరిగిందని చెప్పింది. అంతటితో ఆగకుండా ఎలుకల్లో దారి కూడా వెతికింది. ధూళిని మింగిన మాక్రోఫేజ్ కణాలు ఐఎల్-1 బీటా అనే ప్రొటీన్‌ను విడుదల చేస్తే, అప్పటికే మార్పుతో నిద్రపోతున్న కణాలు కదిలి కంతులవుతున్నాయి. ఐఎల్-1 బీటాను అడ్డుకుంటే ఆ పని ఆగింది. 2025లో జాన్స్ హాప్కిన్స్ బృందం ఎలుకలను నెలల తరబడి పీఎం 2.5కు గురిచేసింది. మామూలు ఎలుకల మెదడు క్షీణించింది. ఆల్ఫా-సైన్యూక్లిన్ అనే ప్రొటీన్ జన్యువు తీసేసిన ఎలుకల మెదడు అలా క్షీణించలేదు. ఆ ప్రొటీన్ తప్పుగా మడతపడి పేరుకోవడమే పార్కిన్సన్స్‌లోనూ, లూయీ బాడీ మతిమరుపులోనూ కనబడే లక్షణం. ఎలుక మనిషి కాదు, ఒప్పుకుంటాను. కానీ ఒక ప్రొటీన్ తీసేస్తే నష్టం ఆగడమంటే, ధూళికీ జబ్బుకీ మధ్య మెట్టు ఎక్కడుందో వేలు పెట్టి చూపించడమే.

ఇక మన లెక్కల సంగతి. 2009 ప్రమాణాల్లో మీరు 12 కాలుష్యకాలను చేర్చారు. లోహాల వరుసలో సీసం, నికెల్, ఆర్సెనిక్ ఉన్నాయి. మూడూ విషాలే, ఉండాల్సినవే. కానీ పైన చెప్పిన ఆక్సీకరణను గాలి ధూళిలో ఎక్కువగా నడిపించే ఇనుము, రాగి ఆ జాబితాలో లేవు. పీఎం 2.5 వార్షిక ప్రమాణం 40 మైక్రోగ్రాముల దగ్గరే నిలిచిపోయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో తన సూచనను 5కు దించింది. మనం రేపే 5కు రావాలని నేను అడగను, మన నేల దుమ్ముతోనే అది దాటిపోయే ఊళ్లున్నాయి. అందుకే అంటున్నాను, నేల దుమ్మును, మసిని ఒకే కాటాలో వేయడం ఆపండి అని.

2019 జనవరిలో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం కింద ఆంధ్రప్రదేశ్ నుంచి 13, తెలంగాణ నుంచి 4 పట్టణాలు జాబితాలో ఉన్నాయి. పట్టణాల పనితీరుకు మార్కులు వేసేది ప్రధానంగా పీఎం 10ను, అంటే 10 మైక్రాన్ల దాకా ఉండే ముతక దుమ్ము కూడా కలిసిన లెక్కను, చూసే. దాని ఫలితం ఎవరికైనా కళ్ల ముందే ఉంది. డబ్బులో పెద్ద భాగం రోడ్డు దుమ్ము మీదికే పోయింది. ఊడ్చే యంత్రాలు, నీళ్లు చల్లే ట్యాంకర్లు, నీటి తుంపరలు చిమ్మే ఫిరంగులు. కమిషనర్లను తప్పుపట్టను. పరీక్షలో ఏ ప్రశ్నకు మార్కులున్నాయో పిల్లలు అదే చదువుతారు. ముతక దుమ్ము తగ్గితే పీఎం 10 తగ్గుతుంది, ర్యాంకు వస్తుంది, అవార్డు కూడా వస్తుంది. ఊపిరితిత్తి అడుగుదాకా దిగే మసి, పొగ, లోహపు పొడి మాత్రం ఫిరంగి నీళ్లకు లొంగవు.

ఇది ఊహించి అంటున్న మాట కాదు. 2020లో స్విట్జర్లాండ్ శాస్త్రవేత్తల నాయకత్వంలో యూరప్ గాలి మీద జరిగిన పెద్ద పరిశీలన సరిగ్గా ఈ తేడానే చూపించింది. ధూళి బరువులో పెద్ద వాటా నేల దుమ్ముదీ, గాలిలోనే వాయువుల నుంచి పుట్టే ద్వితీయ లవణాలదీ. ఆక్సీకరణ సామర్థ్యంలో, అంటే అణువులను ఇలా దెబ్బతీసే శక్తిలో, పెద్ద వాటా మాత్రం చలిమంటల్లాంటి కట్టె పొగ నుంచి పుట్టే సేంద్రియ కణాలదీ, వాహనాల బ్రేకులూ టైర్ల నుంచి రాలే లోహాలదీ. బరువు పట్టిక ఒక దొంగను చూపిస్తే, హాని పట్టిక మరొకరిని చూపించింది. యూరోపియన్ యూనియన్ 2024లో సవరించిన గాలి నాణ్యత చట్టంలో ఈ ఆక్సీకరణ సామర్థ్యానికి చోటిచ్చింది.

మరో సంగతి. 2025 జులైలో పర్యావరణ శాఖ దేశంలోని బొగ్గు విద్యుత్ కేంద్రాల్లో ఎక్కువ భాగానికి గంధకం తొలగించే యంత్రాల నుంచి మినహాయింపు ఇచ్చింది. గాలిలో సల్ఫర్ డయాక్సైడ్ హద్దు లోపలే ఉంది కదా అన్నది ఒక వాదన. వాయువుగా హద్దులోనే ఉండవచ్చు. కానీ అది గాలిలో ప్రయాణిస్తూ సల్ఫేటు కణాలవుతుంది. సల్ఫేటు తెచ్చే ఆమ్లత్వంలో, కరగకుండా పడి ఉన్న ఇనుము, రాగి కరిగి చురుకవుతాయి. అమ్మోనియా దండిగా ఉండే గంగా మైదానంలో ఈ ఆమ్లత్వం చాలావరకు విరిగిపోవచ్చు, మన తీరంలో ఎంత విరుగుతుందో కొలిచి చూడాలి. కొలవకుండా ఇచ్చిన మినహాయింపు గనక అడుగుతున్నాను. సల్ఫేటుకు తనకంటూ విషం తక్కువే అని ఎవరైనా చెబితే నిజమే అంటాను, కానీ పక్కనున్న లోహాన్ని అది ఏం చేస్తోందో కూడా చెప్పమంటాను.

కొలవడం కష్టమా? ఫిల్టరులో ఒక ముక్క కత్తిరించి, ధూళిని నీళ్లలోకి దించి, డైథయోత్రైటాల్, అంటే డీటీటీ అనే రసాయనంతో 37 డిగ్రీల దగ్గర కలపాలి. డీటీటీ కూడా గంధకమున్న అణువే, ప్రొటీన్‌లోని సిస్టీన్‌కు బదులుగా నిలబడుతుంది. ధూళి దాన్ని నిమిషానికి ఎంత తినేస్తోందో 412 నానోమీటర్ల దగ్గర రంగు చదివి చెప్పవచ్చు. ఎమ్మెస్సీ పిల్లలు చేయగల పని. స్పెక్ట్రోఫోటోమీటర్ లేని బయోకెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్ ఉండదు.

చిక్కులు లేవని అనను. డీటీటీ పరీక్షకు, ఆస్కార్బిక్ ఆమ్లం (విటమిన్ సి) పరీక్షకు ఒకే ధూళి వేర్వేరు జవాబులిస్తుంది, మొదటిది సేంద్రియ పదార్థాలను కూడా బాగా పడితే రెండోది ప్రధానంగా లోహాలను పడుతుంది. ప్రపంచమంతా ఒప్పుకున్న ఒకే పద్ధతి ఇంకా స్థిరపడలేదు. అలాగని ఆగితే, పద్ధతి స్థిరపడ్డాక చూసుకోవడానికి మన దగ్గర పాత లెక్క ఒక్కటీ ఉండదు. రెండు పరీక్షలూ చేసి రెండు అంకెలూ రాసిపెట్టుకుందాం.

నేను అడిగేది పెద్ద పథకమేమీ కాదు. 15వ ఆర్థిక సంఘం గాలి నిధులు అందిన హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నంలో ఒక్కో కొలత కేంద్రం ఎంచుకోండి. మాన్యువల్ కేంద్రాల్లో వారానికి రెండు రోజుల చొప్పున ఏడాదికి 104 ఫిల్టర్లు ఎలాగూ తీస్తున్నారు. తూకం అయ్యాక వాటి ముక్కలు దగ్గర్లోని విశ్వవిద్యాలయానికి పంపండి. ఇనుము, రాగి, మసి, సల్ఫేటు, ఆక్సీకరణ సామర్థ్యం కొలిపించి, ఏ నెల అంకెలు ఆ నెల మీ వెబ్‌సైటులో పీఎం 2.5 పక్కనే పెట్టండి. ఒక్క ఏడాది అంకెలు చేతికొస్తే, ట్యాంకరు కొనాలా, పాత లారీలను రేవు రోడ్డు నుంచి తప్పించాలా, చెత్త తగలబెట్టడం ఆపాలా అన్నది నగరపాలక సంస్థలే తేల్చుకోగలవు. పట్టణాలకు మార్కులు వేసేటప్పుడు పీఎం 2.5కు కూడా పీఎం 10తో సమానమైన వాటా ఇవ్వండి.

ఇవన్నీ ఫైలు నడిచి, కమిటీ కూర్చుని, నిధులు విడుదలయ్యే పనులు, అర్థమవుతుంది. ఒక్కటి మాత్రం ఈ వారంలోనే చేయవచ్చు. గది ఉష్ణోగ్రతలో బీరువాలో పడి ఉన్న ఫిల్టరు మీద సేంద్రియ పదార్థాలు నెలల్లో మారిపోతాయి, ఆ తర్వాత ఎంత మంచి ల్యాబుకు పంపినా సరైన జవాబు రాదు. కాబట్టి తూకం పూర్తయిన ప్రతి పీఎం 2.5 ఫిల్టరును రేకులో చుట్టి, తేదీ, కేంద్రం పేరు రాసి, మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్‌లో ఉంచమని రాష్ట్ర మండళ్ల ల్యాబులకు ఒక పేజీ ఉత్తర్వు పంపండి. రాబోయే చలికాలం ఫిల్టర్లు పోకముందే ఆ ఉత్తర్వు వారికి అందాలి.

ఇట్లు
ఒక విశ్రాంత బయోకెమిస్ట్రీ అధ్యాపకురాలు
విశాఖపట్నం

ప్రతులు: ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల కాలుష్య నియంత్రణ మండళ్ల సభ్య కార్యదర్శులకు